తూర్పు ద్వారం దగ్గర తమ్ముడు

ఫిబ్రవరి 27

ప్రియమైన లోవెల్‌కి,

ఇక్కడ నేనూ, కుక్కా కులాసా. అలాస్కా సముద్రం నిన్నూ, మీ పడవవాళ్లనూ చల్లగా చూస్తోందని తలుస్తాను. ముందు నువ్వు అడిగినవి చెబుతాను. నేలమాళిగలో పైపు గడ్డకట్టింది కానీ పగల్లేదు. హెయిర్ డ్రయర్ పట్టుకుని గంటసేపు దాని దగ్గర కూర్చుంటే నీళ్లు వచ్చాయి. నీ ట్రక్కును వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాను. చర్చి విందుకు ఆలుగడ్డల క్యాసరోల్ పట్టుకెళ్లాను. ఉప్పు వేయడం మరిచిపోయినా గిన్నె ఖాళీ అయింది.

పిస్తోళ్ల బిల్లు ఏమైందని అడిగావు. ఈ ఉత్తరం దానికోసమే. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు మంచు గురించి మాట్లాడి పెట్టేశాను.

శాసనసభ్యులు కోటు కింద పిస్తోలు దాచుకుని, తనిఖీ లేకుండా సభలోకి రావచ్చన్నదే ఆ బిల్లు. దానికి వ్యతిరేకంగా ఓటేస్తానని మా తమ్ముడు వెండెల్ ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. నువ్వూ వాడి వెంట తిరిగావు. నువ్వు వెళ్లిన వారానికి మన వంటింట్లో కూర్చుని, ఆ బిల్లును విచారించే కమిటీ ముందు మాట్లాడమని నన్నే అడిగాడు.

"పందొమ్మిదేళ్లుగా శాసనసభ తూర్పు ద్వారం దగ్గర కాపలా ఉన్నావక్కా. నీ మాటకున్న బరువు నా మాటకి లేదు" అన్నాడు.

వెళ్లాను. లోపల ఎవరి దగ్గరా తుపాకీ లేదన్న నమ్మకంతోనే అక్కడ అందరూ గొంతెత్తి పోట్లాడుకోగలుగుతున్నారని చెప్పాను. ఇన్నేళ్లలో నా ద్వారం దాటి ఒక్క తుపాకీ కూడా లోపలికి పోలేదని కూడా చెప్పాను. వెండెల్ వెనక వరుసలో కూర్చుని తలూపాడు.

మూడు వారాలు తిరిగేసరికి వాడికి రహదారుల కమిటీ అధ్యక్ష పదవి వచ్చింది. అదెందుకు వచ్చిందో అప్పుడు నాకు తోచలేదు, మురిసిపోయాను. ఓటింగు రోజు ద్వారం దగ్గరి స్పీకరులో సభ మాటలు వింటున్నాను. వెండెల్ లేచాడు.

"రెండేళ్లుగా నా కోటు కింద పిస్తోలుంది. రోజూ తూర్పు ద్వారం నుంచే వస్తున్నా. కాపలా వాళ్లకీ తెలుసు. ఇన్నాళ్లూ ఎవరికైనా ఏమైనా అయిందా?"

సభలో నవ్వులు వినిపించాయి. బిల్లు ఒక్క ఓటు తేడాతో, వాడి ఓటుతోనే, నెగ్గి పై సభకు, సెనేటుకు వెళ్లింది.

లోవెల్, వాడు చెప్పింది నిజం. నీకు చెప్పకుండా దాచింది అదే. వాడికి బెదిరింపు ఉత్తరాలు వచ్చిన వారంలో ఒక పొద్దున తనిఖీ యంత్రం మోగింది. వాడు కోటు కాస్త పక్కకి తీసి, "భయమేస్తోందక్కా" అన్నాడు. అమ్మ పోయినప్పుడు వాడికి పదేళ్లు. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఇదే గొంతుతో ఇదే మాట అన్నాడు. నేను రిజిస్టరులో, మోగింది "బెల్టు బకిల్" అని రాశాను. ఆ తర్వాత రోజూ అదే రాశాను. నీ ఎదుట కూర్చుని భోంచేస్తూ రెండేళ్లు దాచాను. కమిటీ ముందు ప్రమాణం చేసి అబద్ధమాడాను.

ఓటింగు రోజు మధ్యాహ్నమే నా బ్యాడ్జి తీసుకుని ఇంటికి పంపేశారు. సాయంత్రం వెండెల్ ఇంటికొచ్చాడు.

"నీ పేరు చెప్పలేదు కదక్కా" అన్నాడు.

"పొద్దున్నపూట ఆ ద్వారం దగ్గర నేను కాక ఇంకెవరున్నార్రా?" అన్నాను.

వాడు టోపీ అంచు సవరించుకుంటూ, ఇంకో ఉద్యోగం చూసిపెడతానన్నాడు. నేను తలుపు తీసి, వాడు వెళ్లేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను. భయమేసిన రోజు నా దగ్గరికొచ్చాడు. భయం తీరాక నన్నే అమ్ముకున్నాడు.

నిన్న సెనేట్ కమిటీకి ఎవరూ పిలవకుండానే వెళ్లాను. నా అబద్ధంతోనే మొదలుపెట్టాను. తెలిసి తెలిసి ఎందుకు వదిలిపెట్టారని అధ్యక్షురాలు అడిగింది.

"మా తమ్ముడు భయపడ్డాడమ్మా. భయపడ్డ మనిషి తుపాకీతో లోపలికి పోకుండా చూడ్డానికే నన్నక్కడ పెట్టారు. నేను ఆపలేదు" అన్నాను.

ఓటింగు వాయిదా వేశారు. అబద్ధపు ప్రమాణానికి నా మీద కేసు రావచ్చని చెప్పారు. బయట నడవాలో వెండెల్ నిలబడి ఉన్నాడు. "అక్కా" అని పిలిచాడు. నేను ఆగలేదు. వాడు పిలిస్తే ఆగకపోవడం నా బతుకులో ఇదే మొదలు.

నీకు కోపం వస్తే వచ్చినట్టే రాయి. దాచడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, నువ్వు ఆ పని చెయ్యకు.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా చదవడానికి సిద్ధపడ్డ
నీ భార్య
ఆర్డిస్