టమాటా వరసలు దున్నించకు

నాన్నా,

నేను బడికి వెళ్తున్నాను. పెరట్లో మూతపెట్టిన బకెట్టు పారబోయకు. అందులో ఎండు తెగులును ఆపే మంచి బ్యాక్టీరియా కలిపాను. ఎండ ముదరకముందే టమాటా మొక్కల మొదళ్లలో చెంబుతోనే పోయాలి. మందు కొట్టే పంపులో పోస్తే, అడుగున మిగిలిన తెగులు మందుకి అవన్నీ చచ్చిపోతాయి. పోయినసారి జరిగింది అదే. నువ్వేమో బాబాయి ముందు, "మా అమ్మాయి పెంచిన పురుగులు తిని పడుకున్నాయిరా" అని నవ్వావు. తలుపు చాటున నిలబడి విన్న నాకు ఆ పూట అన్నం సయించలేదు.

వాడిన మొక్కలు పీకెయ్యి. పచ్చగా ఉన్న వరసల్ని మాత్రం ఇవాళ దున్నించకు నాన్నా. క్లాసులో కూర్చున్నా నా ప్రాణం అక్కడే కొట్టుకుంటుంది.

బాబాయి ట్రాక్టరు తెస్తే నేను వద్దన్నానని చెప్పు. నవ్వితే సాయంత్రం దాకా ఆగమను. ఈసారి తలుపు చాటు నుంచి కాదు, ఎదురుగా నిలబడి చెప్తాను.