ఫ్రీజర్లో ఆయన చేప

అత్తయ్యా,

టాక్సీ వచ్చేసింది. మీరు మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసిపెట్టాను. బీపీ మాత్ర టిఫిన్ తిన్నాకే వేసుకోండి. ఆ మోకాళ్లతో మేడ ఎక్కకండి, బట్టలు మీ అమ్మాయి వచ్చి తీస్తుంది.

"మొగుడు పోయి ఏడాది కాలేదు, అప్పుడే పరాయి దేశానికి చేపల షికారు" అని నిన్న ఫోనులో ఎవరితోనో అన్నారు. విన్నాను. నాకు గాలం పట్టుకోవడం కూడా రాదు అత్తయ్యా. ఏటా ఆయనతో చేపలకు వెళ్లే స్నేహితులు ముగ్గురూ వచ్చి, "పడవలో వాడి చోటు ఖాళీగా పెట్టుకుని మేం వెళ్లలేం వదినా, మీరు రండి" అని ఏడ్చారు. ఆయన కూర్చునే చోట ఒక్కసారి కూర్చుని వస్తాను.

కిందటిసారి ఆయన అక్కడ పట్టి ఐసుపెట్టెలో తెచ్చిన చేప ఫ్రీజర్లోనే ఉంది. ఆదివారం తనే వండుతానన్నారు. ఆ ఆదివారం దాకా ఆయనే లేరు. పారేయమని మీరు పోరుతూనే ఉన్నారు. నా మీద ఒట్టు, పారేయకండి. కరెంటు పోతే పక్కింటివాళ్ల ఫ్రీజర్లో పెట్టించండి.

ఇంకోమాట. నేను చూడట్లేదనుకుని మీరు రోజూ ఫ్రీజర్ తీసి దాన్ని తడుముతున్నారు. తడమండి. తలుపు మాత్రం వెంటనే వేసేయండి, కరిగిపోతుంది.