ముందు వాళ్ల జేబులు

అన్నా, నువ్వు బతికుంటే ఈ రోజు బయటికి పరుగెత్తుకొచ్చేవాడివి. నాచారంలో మన పక్క గదిని పోలీసులు సోదా చేశారు. మల్లాపూర్ వర్క్‌షాప్‌లో డ్రిల్ బిట్లు పోయాయట, ఆ గదిలో ఉంటూ అక్కడ పనిచేసే యాదగిరి మీద అనుమానం. నన్ను సాక్షిగా నిలబడమన్నారు.

జైలు నుంచి వచ్చాక నువ్వు రోజూ చెప్పిన మాట గుర్తొచ్చింది.

"సార్, లోపలికి పోయే ముందు జర మీ జేబులు సూపెట్టున్రి," అన్నాను.

ఎస్సై నన్ను ఎగాదిగా చూశాడు. "గిది నీకెవరు జెప్పిన్రు?"

"మా అన్న జెప్పిండు సార్."

ఆయన నవ్వేసి జేబులు ఖాళీ చేశాడు. బండి తాళం, కర్చీఫ్, సగం కొరికిన పల్లిపట్టీ. కానిస్టేబుల్ అంతా వీడియో తీశాడు. గదిలో ఏమీ దొరకలేదు.

అప్పటినుంచీ ఒకటే ఆలోచన అన్నా. ఆ రోజు పోలీసుల సోదాలో నీ పరుపు కింద దొరికి, నిన్ను జైలుకు పంపిన గొలుసు, అంతకుముందు ఎవరి జేబులో ఉందో?