తొట్టిలో కొర్రమట్ట

కాశిబుగ్గ, వరంగల్
6-8-1984

మా యాకయ్య తాతకు,

నీ బిడ్డ కూతురు అరుణ దండం పెట్టి రాసేది. ఇక్కడ అమ్మ, నాయన, నాయన మగ్గం అంతా బాగున్నాం. నువ్వూ నీ ఎడ్లూ బాగున్నారని తలుస్తాను.

తాతా, నేను ఒక టీముకు లీడర్నయ్యాను. హన్మకొండలో ఒక విజ్ఞాన సంఘం వాళ్లు జిల్లాలోని బడులన్నిటికీ పోటీ పెట్టారు. ముగ్గురు పిల్లలు ఒక టీము. తమ బడి పరిసరాల్లో ఉన్న ఏదో ఒక సమస్యను రెండు నెలల్లో తీర్చి చూపించాలి. మా టీములో నేను, సమ్మమ్మ, సరోజన. మా సమస్య బోరింగు పక్కనున్న సిమెంటు తొట్టి. చేతులూ టిఫిన్ డబ్బాలూ అందరం ఆ నీళ్లతోనే కడుక్కుంటాం. తొట్టి నిండా దోమలు. పోయినేడు సరోజనకు మలేరియా వచ్చి ఆరు నెలల పరీక్షలే రాయలేదు.

మా హెడ్మాస్టర్ వెంకట్రాజం సారు, "దోమలన్న పోవాలె, తొట్టన్న పోవాలె. దసరా సెలవుల దాకా చూస్త. ఆ తర్వాత పలగ్గొట్టిస్త" అన్నారు. తొట్టి పోతే అందరూ బోరింగు మీదనే పడతారు. చిన్నపిల్లలకు చుక్క నీళ్లు దొరకవు.

మా బడిలో ఇంకో టీము కూడా ఉంది. దాని లీడర్ శ్రీనివాస్. మొక్కలు నాటుతున్నాడు. "మీరు దోమలు కొట్టుకుంట కూసోండ్రి" అని మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు.

ఇన్లాండ్ కవర్లో చోటు అయిపోయింది.

ఇట్లు,
నీ అరుణ

తా.క.: అంచున రాస్తున్నా, కవరు తిప్పి చదివించుకో. చేపలు పంపు. చాలా అవసరం.

---

ఎర్రకుంటపల్లె
14-8-1984

చిరంజీవి అరుణమ్మకు,

తాత యాకయ్య దీవించి రాయించేది. బిడ్డా, నాకు అక్షరం రాదని నీకు తెలిసిందే. మా ఊరి బడికి ఉన్న ఒకే ఒక్క పంతులు సారంగపాణి సారు నీ ఉత్తరం చదివి, నేను చెబుతుంటే ఇది రాస్తున్నారు. నేను 'జర' అంటే ఆయన 'కొంచెం' అని రాస్తున్నారు. ఉత్తరం నాది, తెలుగు ఆయనది.

మలేరియా అన్న మాట వినగానే నా ప్రాణం ఝల్లుమంది. అది నీకు కాదు, సరోజనకు అని సారు నాలుగుసార్లు చెప్పారు. అయినా పక్కన కూర్చున్నదానికి వచ్చింది నీ దాకా రాదా? చేపలు చాలా అవసరమని అంచున దొంగచాటుగా రాశావంటేనే నాకు అర్థమైపోయింది. ఒంట్లో సత్తువ లేదు, ఇంట్లో అడగడానికి మొహమాటం.

అందుకే నిన్న పొద్దున ఒక మూట ఎండుచేపలు పంపించాను. ఇంటికి పంపితే మీ నాయన నారాజవుతాడని బడికే పంపాను. బస్సు కండక్టర్ మొండయ్య తెచ్చి ఇస్తాడు. ముగ్గురూ కడుపునిండా తినండి. ఒంట్లో బలముంటే దోమలకు ఫికర్ పడాల్సిన పని లేదు.

దీవెనలతో,
తాత యాకయ్య

తా.క.: మూట పెట్టిన వైపు ఎవరూ కూర్చోలేదట. ఇన్నేళ్ల నౌకరీలో కూర్చుని టిక్కెట్లు కొట్టడం ఇదే మొదటిసారని మొండయ్య చాలా సంతోషపడ్డాడు.

---

కాశిబుగ్గ
22-8-1984

తాతకు,

అరుణ దండాలు. దండాలు మామూలే గానీ, ఈసారి కొంచెం కోపంగా పెడుతున్నాను.

నీ మూట సరిగ్గా ప్రార్థన టైముకు వచ్చింది. మొండయ్య మామ దాన్ని హెడ్మాస్టర్ బల్ల మీద పెట్టి, "అరుణ టీముకు వాళ్ల తాత పంపిండు" అని అందరికీ వినబడేట్టు చెప్పి పోయాడు. మధ్యాహ్నానికి బడిలో పదకొండు పిల్లులు! హెడ్మాస్టర్ సారు ముక్కుకు రుమాలు కట్టుకొని, "ఉన్న సమస్య తీర్చుమంటె కొత్తది తెచ్చిండ్రా?" అన్నారు. శ్రీనివాస్ మొక్కలు వదిలేశాడు. ఇప్పుడు వాళ్ల టీము అంశం 'బడిలో దుర్వాసన నివారణ'. అంటే వాళ్ల సమస్య మేమే!

తాతా, చేపలు మాకు కాదు, తొట్టికి. బతికున్న చేపలు. జర మనసు పెట్టి విను. (సారూ, 'జర' అనే చదవండి.) దోమ నిలవ నీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి సన్నటి పురుగులు వచ్చి మెలికలు తిరుగుతూ ఈదుతుంటాయి. ఎనిమిది, పది రోజుల్లో వాటికే రెక్కలొస్తాయి. రెక్కలొచ్చాక వెంటపడి ఎన్నని కొడతాం? నీళ్లలో ఉన్నప్పుడే చేపలతో తినిపించాలి. మేము గరిటెడు నీళ్లు తెల్ల పళ్లెంలో పోసి లెక్కపెడితే నలభై రెండు పురుగులున్నాయి. ప్రతి సోమవారం ఇట్లాగే లెక్కపెట్టి అట్ట మీద రాసి గోడకు తగిలిస్తాం. లెక్క తగ్గితేనే మేము గెలిచినట్టు.

నీ మీదే ఆశ పెట్టుకున్న,
అరుణ

తా.క.: ఎండుచేపలను అమ్మ చింతకాయ వేసి వండింది. శ్రీనివాస్ మా ఇంటి ముందు నుంచి మూడుసార్లు పోయాడు. దుర్వాసన మీద పరిశోధనట. నాలుగోసారి అమ్మ పిలిచి పళ్లెం పెట్టింది. పరిశోధన పూర్తయింది.

---

ఎర్రకుంటపల్లె
30-8-1984

చిరంజీవి అరుణమ్మకు,

తాత దీవెనలు. తప్పు నాదే బిడ్డా. మనం తినే చేపలు అనుకున్నాను, పురుగులను తినే చేపలని ఇప్పుడు తెలిసింది.

ఒక్క గరిటెలో నలభై రెండు ఉన్నాయంటే తొట్టిలో ఎన్ని ఉండాలి! అన్నీ తినాలంటే అల్లాటప్పా చేపలతో అయ్యే పని కాదు. సారంగపాణి సారు చిన్న పరిగెపిల్లలను పంపుదామన్నారు. "సారూ, మీకు పుస్తకం ఎరుక, నాకు చెరువు ఎరుక. పరిగెపిల్ల ఏం తింటది? తింటె కొర్రమట్టనే తినాలె" అన్నాను. సారు తల ఊపి నా మాటే రాశారు.

మూరెడు పొడుగున్న కొర్రమట్టను నీళ్ల కుండలో వేసి, మూతికి గోనె కట్టి, మొండయ్యతో పంపుతున్నాను. పస్తు పెట్టి మరీ పంపుతున్నా. ఇక దోమల సంగతి అది చూసుకుంటుంది.

ఇట్లు,
చెరువు తెలిసిన నీ తాత

తా.క.: ఇది నేను, సారంగపాణిని. అమ్మాయీ, నీ దోమల ఉత్తరాన్ని మా నాలుగో తరగతికి చదివి వినిపించాను. అప్పటినుంచి పిల్లలు ప్రశ్నలతో నా ప్రాణం తీస్తున్నారు. ఒక తొట్టికి ఎన్ని చేపలు? పురుగులను ఏ వేళ లెక్కపెట్టాలి? మా పుస్తకంలో లేదు. తీరిక చేసుకొని రాయగలవు. మీ తాతకు ఈ తా.క. చదివి వినిపించలేదు.

---

కాశిబుగ్గ
1-10-1984

తాతకు,

అరుణ దండాలు. సారు అడిగిన వాటికి జవాబులు వేరే కార్డుల్లో రాశాను, అందే ఉంటాయి. ఇప్పుడు రాసేది నా ఏడుపు.

నీ కొర్రమట్ట ఒక్క పురుగునూ ముట్టలేదు. అంత పెద్ద నోటికి అవి ఆనలేదేమో! మేము ముగ్గురం పొలాల కాలువకు పోయి సమ్మమ్మ ఓణీతో అరవై పరిగెపిల్లల్ని పట్టి తెచ్చాం. కొర్రమట్టకు అందకుండా తొట్టి మధ్యలో ఇనుప జాలీ పెట్టాం. లెక్క నలభై రెండు నుంచి పంతొమ్మిదికి, అక్కణ్నుంచి మూడుకు దిగింది! జడ్జీలు రాబోయే ముందు రోజు సున్నా. ముగ్గురం బోరింగు దగ్గర గంతులేశాం.

అయితే హెడ్మాస్టర్ సారుకు నీ కొర్రమట్ట మీద ప్రేమ కుదిరింది. రోజూ ఇంటర్వెల్లో వచ్చి చూసిపోయేవారు. ఆ సాయంత్రం, "పాపం, దానికి జాగ సాల్తలేదు" అని జాలీ తీసేశారు.

పొద్దున ముగ్గురు జడ్జీలు వచ్చారు. "చేపలెక్కడమ్మా?" అని అడిగారు. సరోజన ఏడుపు మొదలుపెట్టింది. సమ్మమ్మే కొర్రమట్టను చూపించి, "దాని కడుపుల ఉన్నయి సార్" అంది. పెద్ద జడ్జి వంగి చూడబోతే అది తోకతో ఒక్కటి కొట్టింది. ఆయన రాసుకున్న కాగితాల మీద సిరా అంతా కారిపోయింది.

హెడ్మాస్టర్ సారు తల దించుకొని, "తప్పు నాది బిడ్డా. ఇగ తొట్టి జోలికి ఎవ్వరు రారు" అన్నారు. మర్నాడు ప్యాంటు మడిచి మాతో కాలువకు వచ్చి, తనే పరిగెపిల్లల్ని పట్టారు. సరోజనకు ఈ వానాకాలం ఒక్కరోజు కూడా జ్వరం రాలేదు. అయినా తాతా, మాకు ప్రైజు రాదు. ఫలితాలు పోస్టులో వస్తాయట. నాకు చూడాలని కూడా లేదు.

నీ అరుణ

తా.క.: జడ్జీలు శ్రీనివాస్‌ను, "మరి దుర్వాసన ఎట్ల పోయింది?" అని అడిగారు. "తినేసినం సార్" అన్నాడు.

---

ఎర్రకుంటపల్లె
24-10-1984

చిరంజీవి అరుణమ్మకు,

తాత యాకయ్య భయపడుతూ రాయించేది. బిడ్డా, ముందు కూర్చో. ఫలితాలు వచ్చాయి. లిస్టులో మీ బడి పేరు లేదు. మొదటి బహుమతి మా బడికి వచ్చింది.

కోపం చేయకుండా విను. మా బడి వెనక పశువులు నీళ్లు తాగే కుడితి తొట్లు రెండున్నాయి. ఏటా వానలకు సగం బడి జ్వరంతో పడుకునేది. సారు మా పిల్లలు ముగ్గురిని కూడా ఆ పోటీలో చేర్పించి, నీ ఉత్తరాలను గోడకు అంటించారు. నువ్వు ఏం రాస్తే పిల్లలు అది చేశారు. ముగ్గురినీ నేనే చెరువుకు తీసుకుపోయి పరిగెలు పట్టించాను. అవును, పరిగెలే. నీ తాత ఓడిపోయాడు. ఈ వానలకు బడిలో ఒక్క పిల్ల మంచం పట్టలేదు.

జడ్జీలు వచ్చి, "ఇదంతా ఎవరు నేర్పిండ్రు?" అని అడిగితే పిల్లలు సారు వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. గోడ వైపు చేయి చూపించి, "అరుణక్క" అన్నారు. పెద్ద జడ్జి నీ ఉత్తరాలన్నీ నిలబడే చదివారు. ఆయనకు అక్షరాలు మసకేశాయో ఏమో, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నారు.

నేను నీకు చేపలు రెండుసార్లు పంపాను. రెండుసార్లూ తప్పే. నువ్వు పంపిన ఉత్తరాల్లో ఒక్క మాటా తప్పు పోలేదు. బహుమతి కాగితంలో 'మార్గదర్శకులు' అన్నచోట ఎవరి పేరు రాయాలని అడిగితే సారు నీ పేరే రాయించారు. ఆ కాగితాన్ని మొండయ్యతో పంపుతున్నాను. ఈసారి మూటలో అదొక్కటే ఉంది, ధైర్యంగా విప్పు.

గర్వంగా,
నీ తాత

తా.క.: ఇది సారంగపాణిని. మార్గదర్శకులంటే ఉపాధ్యాయులే అనుకొని సంఘం ఆఫీసు వారు మా బడి చిరునామాకు ఒక లేఖ పంపారు. 'శ్రీమతి అరుణ గారు, ఉపాధ్యాయురాలు' అని ఉంది. వచ్చే నెల హన్మకొండ సుబేదారిలో ముప్పై మంది ఉపాధ్యాయులకు మీరు దోమల నివారణ మీద పాఠం చెప్పాలట. మీ వయసు పద్నాలుగని నేను వారికి తెలియజేయలేదు. ఆ ముప్పై మందిలో నేనూ ఉన్నాను. మొదటి వరుసలోనే కూర్చుంటాను. దయచేసి నన్ను మాత్రం ప్రశ్నలు అడగవద్దు, టీచరమ్మా.