కుక్కకు ముందు మేక

వడ్డేపల్లి,
12 జూన్ 2025.

హెప్సిబా మేడమ్ గారికి,

కురుమ లింగయ్య బిడ్డ జములమ్మ దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమూ మా జీవాలూ కుశలం. కొత్తకోటలో మీరూ మీ కుక్కలూ కుశలమని తలుస్తున్నాను.

కుశలం అని అలవాటు కొద్దీ రాశాను గానీ అంతా కుశలం కాదు. ఆ సంగతి ఫోన్‌లో చెప్పబోతే, ఉత్తరం రాయడానికి ఓపిక లేని మనిషి కుక్కతో కూడా వేగలేదని మీరు ఫోన్ పెట్టేశారు. నాకు చాలా కోపం వచ్చింది. కోపం తగ్గాక పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను.

నాకు మాలినాయిస్ కుక్కపిల్ల కావాలి. వీడియోలో చూశాను. నా కంటే ఎత్తున్న గోడ దూకి, ఒక మనిషి చేయి పట్టి, యజమాని వదలమనేదాకా వదల్లేదు. మీరు పోలీసు శాఖలో కుక్కలను సాకి వచ్చినవారు, మీ దగ్గర ఆ జాతి పిల్లలు ఉన్నాయని తెలిసింది.

ఎందుకంటే, ఉగాది తర్వాత కాలువ అవతల తుమ్మచెట్ల దగ్గర మా మంద ఆగి ఉన్నప్పుడు దొంగలు కారేసుకుని వచ్చారు. మా కుక్క రాజుకు మందు కలిపిన మాంసం విసిరారు. అది తిని అక్కడే పడిపోయి మళ్ళీ లేవలేదు. నాయినను కొట్టి, కట్టేసి, చేతికందిన గొర్రెలను కారులో కుక్కుకుని పోయారు. దెబ్బలు మానాయి, దవాఖానలో ఏమీ లేదన్నారు. కానీ ఆనాటి నుంచి నాయిన మా వాకిలి దాటలేదు. మిగిలిన జీవాలను చిన్నాయిన కురుమూర్తి తన మందలో కలిపి మేపుతున్నాడు. దసరా కాగానే ఆయన మంద తోలుకుని రాయచూరు దిక్కు పోతాడు. ఆలోగా నాయిన లేచి మంద వెనక నడవకపోతే జీవాలను అమ్మేస్తానని అమ్మ ఖాయం చేసింది. మంద పోతే నాయిన ఇంక మంచం దిగడని నా భయం. పరాయివాళ్ళ ముద్ద ముట్టని కుక్క పక్కన ఉంటే ధైర్యంగా బయటికి వస్తాడని నా ఆశ.

నేను గద్వాలలో డిగ్రీ చదివాను. ఇప్పుడు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోతాను. కాలం వచ్చిందంటే పొద్దు పొడవకముందే పోయి పువ్వుకు పువ్వు అద్దాలి. కుక్కల గురించి నాకు తెలిసింది రాజుకు సద్ది పెట్టడం ఒక్కటే. అందుకే అడుగుతున్నాను. ఆ జాతి జొన్న సంగటి తింటుందా? మా ఎండకు ఆగుతుందా? గొర్రెను చూస్తే కాపలా కాస్తుందా, తరుముతుందా? పని లేనప్పుడు ఏం చేస్తుంది? ఉరుకుతే మెడకు గుదిబండ కడదాం, ఎర్ర దూడకు కట్టలేదా అని అమ్మ అంటున్నది. కట్టవచ్చా?

అమ్మ ఇంకో మాట కూడా అన్నది. కుక్క తోక వట్టుకోని గోదారి ఈదుతవానే అని. మాకు ఒక దిక్కు కృష్ణ, ఒక దిక్కు తుంగభద్ర ఉన్నా సామెతకు గోదారే కావాలి.

ఇట్లు,
జవాబు కోసం చూసే
జములమ్మ.

*

వడ్డేపల్లి,
5 జూలై 2025.

హెప్సిబక్కకు,

మేడమ్ అంటే ఉత్తరం చింపేస్తానన్నావు కాబట్టి అక్కా అంటున్నాను. గుదిబండ గురించి నువ్వు పెట్టిన తిట్లు అమ్మకు చదివి వినిపించాను. గింత చదువుకోని గట్ల తిడతరా అన్నది గానీ, తర్వాత గుదిబండ ఊసెత్తలేదు.

నీ జవాబు ఎన్నిసార్లు చదివానో. ఆ కుక్కకు ఉరుకుడు అల్లరి కాదు, ఆకలి లాంటిదన్నావు. పని చూపకపోతే అదే పని వెతుక్కుంటుందనీ, మంచం నవారు తెంపుతుందనీ, గొర్రెలు సొమ్మసిల్లేదాకా వాటి చుట్టూ తిరుగుతుందనీ రాశావు. కరిచే కుక్క దొరకడం సులువు, వదలమంటే వదిలేలా పెంచే మనిషి దొరకడమే కష్టమన్నావు. మొదటిసారి కుక్కను పట్టేవాళ్ళకు ఆ జాతి తగదని చెప్పి, మళ్ళీ నువ్వే ఆశ పెట్టావు. ముందు ఒక మేకకు మూడు సంగతులు నేర్పమన్నావు. పిలిస్తే రావాలి, ఆగమంటే ఆగాలి, తాడు గుంజకుండా పక్కన నడవాలి. కొట్టకూడదు. ఎవరితోనూ చేయించకూడదు, తాడు పట్టిన చేయే రేపు కుక్కను పట్టాలన్నావు.

మేకను చూపించి కుక్క అని నమ్మించిన దొంగల కథ చిన్నప్పుడు విన్నాను. నువ్వు కూడా ఆ జట్టులో మనిషివేమో అనుకున్నాను. అయినా చిన్నాయిన మందలోంచి ఒక పోతును తెచ్చుకున్నాను. మా పక్కింటి ఏసమ్మ అత్త దాని నడక చూసి, గడ్డం లేకుంటే అచ్చం ఎస్సై లెక్కనే ఉన్నది అన్నది. దాని పేరు ఎస్సై అయి కూర్చుంది. రాబోయే కుక్క మెడకని నేను గద్వాల నుంచి కొత్త పట్టా కూడా తెచ్చేసరికి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వాడంతా నవ్వారు.

మొదటి రోజు ఎస్సై నన్ను వాకిట్లోంచి బోరింగు దాకా ఈడ్చుకుపోయింది. మోచేతులు గీరుకుపోయాయి. నాయిన మంచం మీద నుంచి చూస్తూ, గట్ల గుంజితె అదే నిన్ను మేపుకొస్తది బిడ్డా, తాడు జర వదులు అన్నాడు. చాలా రోజులకు ఆయన నోట ఆ మాత్రం మాట వచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక సందేహం. జంతువుకు తన పేరు తెలుస్తుందా, పిలిచే గొంతు తెలుస్తుందా? ఏసమ్మ అత్త ఎస్సై అని ఎంత అరిచినా అది చెవి కూడా కదపదు. కుక్కలు కూడా ఇంతేనా?

ఇట్లు,
మోచేతులకు పసుపు పూసుకున్న
జములమ్మ.

*

వడ్డేపల్లి,
20 ఆగస్టు 2025.

హెప్సిబక్కకు,

ఇక్కడ వానలు పడుతున్నాయి. మీ కుక్కల షెడ్డు కురుస్తోందని రాశావు, బాగుచేయించావా?

పేరూ తెలుస్తుంది, గొంతూ తెలుస్తుంది, కానీ పిలిచినవాళ్ళ దగ్గర మేలు జరిగిందా లేదా అన్నదే దానికి అసలు లెక్క అన్నావు కదా. నిజమే. ఎండాకాలం ఏరి దాచిన తుమ్మకాయలు గుప్పిట్లో పెట్టుకుంటే ఎస్సై పిలవగానే వస్తోంది. కానీ ఆగిన క్షణంలోనే కాయ అందాలి. కాస్త ఆలస్యమైతే తల విదిలించి పొడిచినందుకే కాయ దొరికిందని అనుకుంటుంది. ఇది కనిపెట్టడానికి మోకాలి మీద రెండు పోట్లు పడ్డాయి.

ఇంకో సంగతి. అది గుంజబోయే ముందు ఎడమ చెవి వెనక్కి పోతుంది. ఆ చెవిని చూసి మనమే ముందు ఆగిపోతే తాడు బిగుసుకోదు. తాడు బిగిస్తే ఆగిపోవాలి, వదులైతే నడవాలి, అంతే. గొంతు పెంచే పని లేదు. నీ మాలినాయిస్‌కు కూడా చెవిలో తెలుస్తుందా, కళ్ళలో తెలుస్తుందా?

రోజూ పొద్దున నడకే. మొదట వాకిలి దాకా, తర్వాత బోరింగు దాకా, తర్వాత పత్తిచేల గట్టు దాకా. గట్టు మీద ఎస్సై చాలా రోజులు మొండికేసింది. కాలువ అవతల తుమ్మాకు కనిపిస్తోంది, దానికి అటే పోవాలి. కానీ అటు పోబుద్ధి కాలేదు. నీకు తెలుసు కదా అక్కడ ఏం జరిగిందో. మేక గుంజలేదు, అరవలేదు. నువ్వు నేర్పించినట్లే పక్కన నిలబడి ముఖంలోకి చూస్తూ ఉంది. మొన్న కాలువ దాటడం అయింది. తుమ్మచెట్టు కింద అది మేసినంతసేపు కాళ్ళు వణికాయి. మర్నాడు వణుకు తగ్గింది.

నాయిన బాగానే ఉన్నాడు. ఇప్పుడు రెండు పూటలా తింటున్నాడు.

ఇట్లు,
జములమ్మ.

*

వడ్డేపల్లి,
28 సెప్టెంబర్ 2025.

హెప్సిబక్కకు,

జములమ్మ దండాలు. నీ ఉత్తరం శుక్రవారం అందింది. మేకను అంత నెమ్మదిగా నడిపిన చేతిలో ఏ కుక్కనైనా పెట్టవచ్చు, ఇది కుదురైన చేయి, దసరాకు వచ్చి పిల్లను తీసుకుపో అని రాశావు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను.

అక్కా, ఆ పిల్ల నాకు వద్దు.

అలగకు. నువ్వు పంపిన దాని ఫొటో చూస్తే ఇప్పటికీ ఎత్తుకోవాలనే ఉంది. కానీ నువ్వు రాసినవన్నీ ముందు పెట్టుకుని ఆలోచించాను. దానికి పొద్దు పొడిచిన దగ్గర నుంచి పని కావాలి, పని చెప్పే మనిషి కావాలి. నేను పొద్దంతా చేలో పువ్వులు అద్దుతూ ఉంటే అది మా మందనే ఆటబొమ్మ చేసుకుంటుంది. వీడియోలో నేను కుక్క దూకడం చూశాను. దూకమని చెప్పిన మనిషి దానితో ఎన్నేళ్ళు తిరిగాడో చూడలేదు. మా నాయిన భయానికి మందు అనుకుని, ఆ కుక్క ఏమిటో తెలియకుండానే దాన్ని కోరాను. పోలీసులకో, ఏ అడవి చౌకీకో ఇవ్వు. అక్కడ దాని ఉరుకుడుకు విలువ ఉంటుంది.

ఎవరూ అడగని మొద్దు కుక్కపిల్ల, మన పల్లె జాతిదే, గొర్రెల మధ్య పడుకుని లేవడానికి బద్ధకించేది ఉంటే చెప్పు. పరాయి ముద్ద ముట్టకుండా ఎలా నేర్పాలో మాత్రం రాయి. అది ఈసారి తప్పక నేర్పాలి.

ఇట్లు,
నీ మేలు మరువని
జములమ్మ.

తాజా కలం: ఒక అబద్ధం ఉంది, అది కూడా చెప్పి కవరు అంటిస్తాను. ఎస్సై తాడు నేను పట్టింది మొదటి వారమే. క్రాసింగ్ మొదలయ్యాక పొద్దున నేను చేలో ఉంటానని మొదటి ఉత్తరంలో నేనే రాశాను, నీకు అనుమానం ఎందుకు రాలేదో మరి. ఒకరోజు మేక నన్ను ఈడుస్తుంటే చూడలేక నాయిన మంచం దిగి తాడు అందుకున్నాడు. తర్వాత ఇవ్వలేదు. చెవి సంగతి కనిపెట్టింది ఆయన. మోకాలి మీద పోట్లు ఆయనవి. తుమ్మచెట్టు కింద వణికిన కాళ్ళు కూడా ఆయనవే. సాయంత్రం ఆయన చెప్పింది నేను నా పేరున రాసేదాన్ని. వేరేవాళ్ళతో చేయిస్తే కుక్కనివ్వనని నువ్వన్నావు కదా, అందుకని.

శుక్రవారం నీ ఉత్తరం ఆయనకు చదివాను. కుదురైన చేయి అన్న దగ్గర మళ్ళీ చదవమన్నాడు. అరచేయి తిప్పి చూసుకుని, ఆ అక్కకు నిజం రాయి బిడ్డా, మేక నాది అన్నాడు. ఈ పొద్దున గొంగడి భుజాన వేసుకుని, చిన్నాయిన దగ్గర మన జీవాలను విడదీసుకుని, ఎస్సైని మంద ముందు నడిపించుకుంటూ కాలువ దిక్కు పోయాడు. అమ్మ గడప దగ్గర నిలబడి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. జీవాలను అమ్మే మాట ఇంక లేదు.

ఇకనుంచి ఉత్తరాలు కురుమ లింగయ్య పేరు మీద రాయి, చదివి పెట్టడానికి నేనున్నాను. ఫోన్ చేస్తే మాత్రం చీకటి పడ్డాక చెయ్యి. పగటిపూట ఆయన ఇంట్లో దొరకడు.