ఇసుకల ఎర్ర నూగు

ఆదివారం, అన్నం తిన్నంక

ఇయ్యాల చేపల తొట్టి సాఫ్ చేద్దామని అడుగు ఇసుకల నీళ్లు గుంజే పైపు పెట్టిన. బకెట్లకు నీళ్లు తేటగ వచ్చినయి. ఇసుక మీద నూలు నూగు అసలే లేదు.

గోడ అవతలి నర్సక్క చద్దర్లు నేసే సాంచెలు అమ్మి, ఇల్లు ఖాళీ చేసి హోట్గి రోడ్ దిక్కు పోయి నెల అయింది. సాంచెలు నడిచినన్ని రోజులు చద్దర్ల నూగంత మా కిటికీలకెల్లి వచ్చి తొట్టిల పడేది. ప్రతి ఆదివారం తిట్టుకుంట తీసేదాన్ని. ఒకసారి కొట్లాడిన గూడ. "నీ నూగుతోని నా చేపలు చస్తయి, కిటికీ మూసుకో అక్కా!" అన్న.

ఆమె నవ్వింది. "ఉండనియ్యి చెల్లె, నీ చేపలు గూడ చద్దర్లు నేసుడు నేర్చుకుంటయి."

దినమంతల నాతోని మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే ఉండె. నాకు అప్పుడు తెల్వలే.

ఫోన్ నంబరుంది. చేసి ఏమని చెప్పాలె? ఇసుక సాఫ్‌గ ఉందనా?

తొట్టి మూలకు, నీళ్ల మొక్క వేర్ల కాడ, ఒక్క ఎర్ర నూగు చిక్కుకొని కనపడ్డది. పైపు దగ్గరికి తీస్కపోయిన. వేర్లు కదులుతయని నేను ఎప్పుడు అక్కడ కెలకను. ఇయ్యాల గూడ పైపు ఎనుకకు తీసిన.

వేర్ల కోసం కాదు.