తెరిచి వదిలేసిన ఫోను

జనవరి 9, గురువారం

ఇవాళ కూడా రిపేరుకొచ్చిన ఒకడు అడిగాడు. రూట్ చేసేస్తే ఏ సిమ్ అయినా పడుతుంది కదా మేడమ్, అని. పడదు. రోజూ ఇదే చెబుతున్నాను. గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది.

ఫోనుకి ఉండేవి రెండు వేరు వేరు తాళాలు. ఒకటి బూట్‌లోడర్‌ది. ఫోను ఆన్ అవుతూనే అందరికంటే ముందు లేచి, లోపలున్న సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీదేనా అని చూసే కాపలావాడు. వాణ్ణి తప్పిస్తే మనకి నచ్చిన సిస్టమ్ ఎక్కించుకోవచ్చు, రూట్ చేసి ఫోను పెత్తనమంతా చేతిలోకి తీసుకోవచ్చు. కాకపోతే వాడు ఊరికే పోడు, ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టి మరీ పోతాడు. రెండోది నెట్‌వర్క్ కంపెనీది. వాయిదాల మీద ఫోను ఇచ్చి, నా సిమ్ తప్ప ఇంకోటి పెట్టకు అని వాళ్లు వేసే తాళం. దాన్ని తెరిచే కోడ్ వాళ్ల కంప్యూటర్లలో ఉంటుంది. కాంట్రాక్టు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు అడిగితేనే ఇస్తారు. మొదటిదాన్ని తునాతునకలు చేసినా రెండోది చెక్కుచెదరదు.

ఇదంతా విని, ఒకసారి మీ ఓనరుగారిని కనుక్కుంటాను అన్నాడు. ఓనరు వచ్చి అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పాడు. ఓహో, అలాగా సార్, అని తలాడించి వెళ్లిపోయాడు.

ఓనరుకి ఈ సంగతి చెప్పింది నేనే.

జనవరి 12, ఆదివారం

షాపు సెలవు. కిందింటావిడ మోటారు కట్టెయ్యమ్మా అంటే, సరే అన్నాను. ఇవాళ మొత్తం మీద నేను మాట్లాడింది ఆ ఒక్క మాట.

అక్క ఫోన్ చేయలేదు. పోయిన ఆదివారం కూడా చేయలేదు. నామీద ఏదో కోపం వచ్చినట్టుంది. వస్తే రానీ. నాకు మాత్రం రాదా?

జనవరి 15, బుధవారం

అక్క వచ్చింది. షాపుకే. స్క్రీన్ గార్డు వేయించుకునే వంకతో.

కోపం కాదట. ఫోను బావ పేరు మీద ఉంది. ఏ నెంబరుతో ఎంతసేపు మాట్లాడిందో ఆయన యాప్‌లో కనబడుతుందట. అక్కాచెల్లెళ్లకి అంతసేపు ఏం ముచ్చట్లు, నా భజనేనా, అంటాడట. నవ్వుతూనే అంటాడట. ఒక్కసారి అరిచినా బాగుండేది మొండీ, అంది అక్క. నన్ను మొండీ అని పిలిచేది లోకంలో ఇదొక్కతే. అమ్మ పోయాక నాకు జడలు వేసిందీ, వీపు మీద రెండు వేసిందీ ఇదే.

స్క్రీన్ గార్డు మీద బుడగలు నొక్కుతూ మిగతాది విన్నాను. పెళ్లికి ముందు అక్క ఎక్స్‌రే టెక్నీషియన్, రోజంతా పేషెంట్లని గాలి బిగబట్టమనే పని. బావ మాన్పించాడు. పక్క ఊళ్లో స్కానింగ్ సెంటర్ నడిపే డాక్టరమ్మ అక్కకి పాత పరిచయం. ఒక మనిషి మానేసేలా ఉంది, ఖాళీ కాగానే పిలుస్తాను, నెంబరు ఇవ్వు అందట. పని దొరికితే అక్క అక్కడే హాస్టల్లో ఉంటుంది. ఇక వెనక్కి రాదు. ఈ మాట చెప్పేటప్పుడు గొంతు కూడా వణకలేదు. అప్పుడే నమ్మాను.

ఏ నెంబరు ఇవ్వనే ఆవిడకి, అంది.

ఇంకో ఫోను కొనిస్తానన్నాను. పెట్టుకోవడానికి చోటు లేదంది. బావ బీరువా సర్దుతాడట, సంచీ కూడా సర్దుతాడట, శుభ్రం ఎక్కువ మనిషి కదా అంది. సిమ్ అయితే గోరంత ఉంటుంది. బట్టల కుట్టుమడతలో దాచుకోవచ్చు. అవసరమైనప్పుడు ఈ ఫోనులోనే వేసుకోవచ్చు. కానీ ఈ ఫోను వేరే కంపెనీ సిమ్ తీసుకోదు. తీసుకునేలా చెయ్యమని కంపెనీని అడగాల్సింది బావ.

నేను లేనూ, అన్నాను. వారం రోజుల కిందట ఎవడో అడిగితే కుదరదని మొహం మీద చెప్పిన పని అది.

జనవరి 17

నెట్‌లో మెకానిక్కులు రాసుకునే ఒక ఫోరమ్‌లో అక్క ఫోను మోడల్ గురించి రాశారు. బూట్‌లోడర్ తెరిచి, రూట్ చేసి, లోపల ఒక ఫైలు మారిస్తే నెట్‌వర్క్ తాళం కూడా ఊడిపోయిందట. ఒక్కడే రాశాడు. కింద నలుగురు అబద్ధం అన్నారు. నేను ఆ ఒక్కణ్ణే నమ్మాలనుకుంటున్నాను. ఆ సంగతి నాకూ తెలుసు.

జనవరి 20, సోమవారం

అయింది. అంటే, కాలేదు.

బావ ఆఫీసు నుంచి వచ్చేలోపు అని అక్క మధ్యాహ్నమే వచ్చింది. ముందు ఫొటోలు, నెంబర్లు కాపీ చేసి పెట్టాను. పచ్చ కవరు ఊడదీసి, కేబుల్ తగిలించి బూట్‌లోడర్ తెరిచాను. అంతా తుడిచిపెట్టుకుపోయింది. రూట్ చేశాను. ఫైలు మార్చాను. కొత్త సిమ్ వేశాను. ఈ సిమ్ ఈ ఫోనుకి చెల్లదు, అని వచ్చింది. తీసి వేశాను. చెల్లదు. ఫైలు ఇంకోలా మార్చాను. చెల్లదు. అక్క స్టూలు మీద కూచుని నా మొహమే చూస్తోంది, డాక్టరు నోట్లోంచి ఏం వస్తుందా అని చూసే పేషెంటులాగా.

కాలేదక్కా, అన్నాను. పోనీలే, నువ్వు అన్నం తిన్నావా, అని అడిగింది. ఇలాంటప్పుడే దానిమీద నాకు ఒళ్లు మండుతుంది.

రూట్ తీసేశాను. ఫొటోలు, నెంబర్లు తిరిగి ఎక్కించాను. బూట్‌లోడర్‌కి మళ్లీ తాళం వెయ్యాలి. వేస్తే ఫోను ఇంకోసారి తుడుచుకుపోతుంది, మళ్లీ అన్నీ ఎక్కించాలి. అంత టైము లేదు. బావ వచ్చే వేళవుతోంది. తెరిచే వదిలేశాను. ఆన్ చేసినప్పుడల్లా, ఈ ఫోను బూట్‌లోడర్ తెరిచి ఉంది, జాగ్రత్త, అని పసుపు అక్షరాలు వస్తాయి. అందుకని, ఆఫ్ మాత్రం చెయ్యకు, మళ్లీ వచ్చినప్పుడు సరిచేస్తాను, అన్నాను.

వేరే కస్టమర్ ఫోను అలా ఇచ్చి పంపి ఉంటే నన్ను నేనే పనిలోంచి తీసేసేదాన్ని.

డాక్టరమ్మకి అక్క పాత నెంబరే ఇచ్చేసింది. వేరే దారేదీ?

జనవరి 24, శుక్రవారం

బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు. ఏం మరదలా, మా ఫోనుకి ఏదో చేతబడి చేశావట, అన్నాడు. ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయింది. ఆన్ చేస్తే పసుపు అక్షరాలు కనబడ్డాయి. ఫోను నెమ్మదిగా పనిచేస్తోందని చెల్లెలికిచ్చి బాగుచేయించానని అక్క చెప్పిందట.

అవును, ఇంకొంచెం పని మిగిలింది, ఇటివ్వండి, అన్నాను. చెయ్యి చాపాను. ఫోను చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు కానీ ఇవ్వలేదు.

పని నేను చెబుతాను విను, అన్నాడు. మీ అక్క ఎవరితో ఏం మాట్లాడుతోందో, ఎక్కడుందో నా ఫోనుకి తెలిసేలా ఏదైనా పెట్టు, ఆమెకి కనబడకూడదు. అనుమానమేం కాదు, ఆడది ఒక్కతీ బయట తిరుగుతుంటే మొగుడికి బెంగ ఉండదా, నువ్వైతే ఇంట్లో మనిషివి, గుట్టుగా ఉంటుంది, అన్నాడు.

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. కాపలా తీసేసి ఉంది కాబట్టి ఏ వెధవ పనైనా చేయించొచ్చనుకుంటున్నారా, అన్నాను. బూట్‌లోడర్ తెరిచి ఉన్నంత మాత్రాన నేను చేస్తానా, అన్నాను. ఇంకా చాలా అన్నాను. షాపంతా తిరిగి చూసింది.

ఆయన మాత్రం ఒక్కమాటే పట్టుకున్నాడు. ఓహో, తెరిచి ఉంటే కుదురుతుందన్నమాట, అన్నాడు. ఫోను జేబులో వేసుకుని, వస్తా మరదలా, అని వెళ్లాడు.

మొగుడూ పెళ్లాల మధ్య నీకెందుకమ్మాయ్, కస్టమర్‌ని అలా కసురుతారా, అన్నాడు ఓనరు. ఆయన కస్టమర్ కాదు మా బావ అన్నాను. మరీ తప్పు, అన్నాడు.

జనవరి 27, సోమవారం

ఎదురు షాపు మెకానిక్కు టీ దగ్గర గొప్పలు పోతున్నాడు. మొన్నొక పెద్దమనిషి వచ్చాడట. భార్య ఫోను, పచ్చ కవరు. బూట్‌లోడర్ తెరిచే ఉందని ఆయనే చెప్పాడట. తెరిచే ఉంది కాబట్టి ఏమీ తుడుచుకుపోలేదు, రూట్ చేసి, ఆవిడ మాటలూ ఆవిడ ఉన్న చోటూ ఆయనకి చేరవేసే యాప్ లోపల దాచేశాను, పసుపు అక్షరాలు ఎలాగూ ముందు నుంచీ వస్తున్నాయి, ఆవిడకి అనుమానమే రాదు, అన్నాడు. టీ చల్లారేలోపు పనైపోయిందే, అని నవ్వాడు.

వాడి మీద టీ పోశాను. నిజంగానే. చల్లారిపోయిన టీ. అదొక్కటే బాధ.

తాళం వేసి ఉంటే వాడు తెరవాల్సి వచ్చేది. తెరిస్తే ఫోను ఖాళీ అయిపోయేది. అక్క చూసి కనిపెట్టేది. ఆ ఒక్క కాపలా తీసింది నేను.

జనవరి 28

డాక్టరమ్మ ఇప్పుడు ఫోన్ చేస్తే బావ వింటాడు.

జనవరి 29

అక్కకి చెప్పాలంటే ఫోన్ చెయ్యాలి. మెసేజ్ పెట్టాలి. నాకు తెలిసిన దారులన్నీ ఆ ఫోనులోంచే పోతాయి.

ఫిబ్రవరి 2, ఆదివారం

వాళ్లింటికి వెళ్లాను. పిలవకుండా వెళ్లడం ఇదే మొదలు.

ఓ, దారి తప్పొచ్చావే, అన్నాడు బావ. క్షమాపణ చెప్పడానికి వచ్చానన్నాను. అది చెప్పడానికి నా నాలుకకి ఎంత కష్టమైందో రాయడం నా వల్ల కాదు. చిన్నపిల్లవి, నేను మనసులో పెట్టుకోలేదు, అన్నాడు. మమ్మల్నిద్దర్నీ ఒక్క నిమిషం వదల్లేదు. అక్క వంటింట్లోకి వెళితే గుమ్మంలో నిలబడ్డాడు. నేను మంచినీళ్లకి లేస్తే తనే తెచ్చాడు. ఫోను భోజనాల బల్ల మీద, ఉప్పు సీసా పక్కన ఉంది.

దాన్ని తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఎవరూ వాడకుండానే.

ఛార్జింగ్ నిలుస్తోందా అక్కా, అన్నాను. లేదే, మధ్యాహ్నానికే అయిపోతోంది, ఊరికే వేడెక్కుతోంది, అంది. నేను దాని కళ్లలోకి చూశాను. ఇలా వేడెక్కే ఫోను వంటింటి మనిషికి మంచిది కాదు, ఎక్కడికెళ్లినా దీన్ని వెంటపెట్టుకుని తిరగకు, చెవి దగ్గర అసలే పెట్టుకోకు, నా మాట విను, అన్నాను.

బావ నవ్వాడు. పేలుతుందా ఏంటి, అన్నాడు.

అక్క నవ్వలేదు. ఫోను నా చేతిలోంచి తీసుకుని ఎక్కడ ఉన్నదో అక్కడే, ఉప్పు సీసా పక్కన పెట్టింది. తర్వాత, నీకు జడ వెయ్యడం ఇప్పటికీ చేతకాదు, ఇటు తిరుగు, అంది. బావ ఎదుటే కూచోబెట్టి విప్పి మళ్లీ అల్లింది. పిచ్చి గట్టిగా అల్లింది. రబ్బరు వేసేటప్పుడు నా మెడ మీద చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంచింది.

అర్థమైందో లేదో. అడగడానికి లేదు.

ఫిబ్రవరి 3

జడ విప్పలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

బావ షాపుకొచ్చాడు. ఇస్త్రీ లేదు. ఎక్కడ దాచావు దాన్ని, అన్నాడు. షట్టరు ఎత్తీ ఎత్తక ముందే. దేన్ని, అన్నాను. ఫోను ఇంట్లోనే ఉంది, నిన్న పొద్దున్నుంచీ ఇంట్లోనే చూపించింది, నేను ఆఫీసులో నిశ్చింతగా కూచున్నాను, ఇంటికెళ్తే మనిషి లేదు, అన్నాడు. నిన్న సాయంత్రం సంగతి. రాత్రంతా బంధువుల ఇళ్లు తిరిగాడట. ఫోను తెచ్చి నా కౌంటరు మీద విసిరాడు. పచ్చ కవరు. ఇందులో ఎవరికీ ఒక్క కాల్ లేదు, ఒక్క మెసేజ్ లేదు, ఎలా పోయింది, చెప్పు, అన్నాడు.

నాకు తెలియదన్నాను. నా గదికి రండి, చూసుకోండి, అన్నాను. వచ్చాడు. మంచం కింద కూడా చూశాడు. నా మంచం కిందకి ఇంతవరకు ఎవరూ తొంగిచూడలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, నీకు మాత్రం చెప్పకుండా పోతుందా, అన్నాడు. చెప్పలేదు బావా, అన్నాను. అది నిజమని ఆయనకి అర్థమైంది. ఆ క్షణం ఇద్దరం ఒకేలా ఉన్నాం. అందుకు నాకు అసహ్యమేసింది.

డాక్టరమ్మ పిలిచిందో లేదో తెలియదు. పిలవకుండానే అక్క వెళ్లి నిలబడిందో తెలియదు. ఆవిడ పొమ్మని ఉంటే?

ఫిబ్రవరి 9, ఆదివారం

ఊరు తెలుసు. బస్సు తెలుసు. వెళ్లకూడదు. నేను వెళితే నా వెనకే ఆయన వస్తాడు. ఎదురు షాపు దగ్గర నిలబడి నేను ఏ వైపు నడుస్తానా అని చూస్తున్నాడు. రోజూ గదికే నడుస్తున్నాను.

ఇవాళ కిందింటావిడ కూడా మాట్లాడలేదు. మోటారు దానంతటదే ఆగింది.

ఫిబ్రవరి 14

ఒకమ్మాయి వచ్చి అడిగింది. రూట్ చేస్తే వేరే సిమ్ పడుతుందా అక్కా, అని. కూచోబెట్టి చెప్పాను. కోప్పడలేదు. ఫోను నీ పేరు మీదే ఉందా, అని మాత్రం రెండుసార్లు అడిగాను.

ఫిబ్రవరి 19, పగలు పదకొండు

ల్యాండ్‌లైన్ నెంబరు. ఎత్తాను. ఎవరూ హలో అనలేదు. రిసీవరు ఏదో బల్ల మీద పెట్టిన చప్పుడు. కాస్త దూరంలో తలుపు మూశారు. తర్వాత ఒక ఆడగొంతు, ఎవరికో చెబుతోంది. గట్టిగా గాలి పీల్చుకోండి. బిగబట్టండి. కదలకండి.

బిగబట్టాను. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. ఓనరు ఏదో అడుగుతున్నాడు.

ఆ, ఇప్పుడు వదలండి, అంది.